గుండుసూదులు తీసేసిన వీధి

2006 అక్టోబరు మొదటి వారంలో ఐదు రేకు డబ్బాలు నా బల్ల మీదికి వచ్చాయి. అప్పటికి నేను టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక యూనివర్సిటీ లైబ్రరీలో, ప్రత్యేక సేకరణల విభాగంలో సీనియర్ ప్రాసెసింగ్ ఆర్కైవిస్టుగా పనిచేస్తున్నాను. ఈ ఉద్యోగం పేరు చెబితే మనవాళ్లలో సగంమంది అదేదో కంప్యూటర్ కోర్సు అనుకునేవారు, మిగతా సగం జాలిపడేవారు. నిజానికి పని చెప్పడానికి తేలికే. రచయితలు, శాస్త్రవేత్తలు, రాజకీయ నాయకులు దాచుకున్న కాగితాలు పెట్టెలకొద్దీ లైబ్రరీకి వస్తాయి. వాటిని శుభ్రం చేసి, ఆమ్లం లేని ఫోల్డర్లలో సర్ది, ఏ పెట్టెలో ఏముందో చెప్పే సూచిక రాయాలి. అదే ప్రాసెసింగ్. పైన క్యురేటర్ ఉంటుంది, కింద టెక్నీషియన్లు ఉంటారు. క్యురేటర్ సంతకాలు పెడుతుంది, టెక్నీషియన్లు చేతులతో పని చేస్తారు, ఏం చేయాలో తేల్చేది ఆర్కైవిస్టు. ఇరవై ఏళ్లకు పైగా అలా తేలుస్తూ వచ్చాను. చాలావరకు సరిగానే తేల్చానని ఇప్పటికీ చెప్పగలను.

ఈ డబ్బాలు నాకే రావడానికి కారణం మా ఊరు. మాది యానాం. ఫ్రెంచివాళ్ల కాలంలో మా నాన్నగారు అక్కడి కోర్టులో గుమాస్తా. వాళ్లు వెళ్లిపోయినా ఆయన మాత్రం ఫ్రెంచిని వదల్లేదు. పాత దస్తావేజులు ముందు పెట్టి నా చేత నకళ్లు రాయించేవారు. అందుకని ఫ్రెంచిలో పొలం హద్దులు రాయమన్నా, వారసుల పేర్లు క్రమంగా చెప్పమన్నా నేను బ్రహ్మాండంగా చేస్తాను. కూరగాయలు బేరమాడమంటే మాత్రం నోరు పెగలదు. మా విభాగంలో మిగతావాళ్లకు అదీ ఇదీ కూడా రాదు కనుక ఫ్రెంచి కాగితం ఏది వచ్చినా నా బల్ల మీదికే వచ్చేది.

డబ్బాల్లో ఉన్నది ఎల్వా మార్సాంద్ అనే ఫ్రెంచి కవి రాతప్రతి. అప్పటికి ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్లు. ఆయన పుట్టిన ఊరు, ఆయన పదిహేడో ఏట, ఒక ఆనకట్ట కింద మునిగిపోయింది. ఆ తర్వాత జీవితమంతా ఆయన రాసింది ఒక్కటే కావ్యం. దాని పేరును మన భాషలో 'ముంపు' అని చెప్పుకోవచ్చు. ఊళ్లో ఉన్నది ఒకటే పొడవాటి వీధి. ఆ వీధిలో ఇంటికొక చీటీ చొప్పున, రైలు టికెట్ల వెనక, మందుల కవర్ల మీద, ఉత్తరాల అంచుల మీద రాసుకుంటూ పోయాడు. ఆ ఇంట్లో ఎవరుండేవారు, వాకిట్లో ఏముండేది, పొద్దున ఏ వంట వాసన వచ్చేది, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అంతే. ఐదు భాగాల్లో మొదటి మూడింటిని అరవైలలో ఒక చిన్న ప్రెస్సు కొద్ది కాపీలు వేసింది. నాలుగు, ఐదు భాగాలు ఎక్కడా అచ్చు కాలేదు. వాటికి ఈ డబ్బాల్లో ఉన్నదే ఏకైక ప్రతి.

ఆ కావ్యానికి పాఠకుల కంటే భక్తులే ఎక్కువ. ఏటా ఒకరోజు మోకాలి లోతు నీళ్లలో నిలబడి మొదటి భాగం చదువుకునే బృందం ఒకటి ఒహాయోలో ఉండేది. ఈతకొలను సరిపోతుందా, చెరువే కావాలా అని వాళ్లలో వాళ్లకు తగాదా వచ్చి, తీర్పు చెప్పమని మా లైబ్రరీకి ఉత్తరం రాశారు. అది మా విధుల్లోకి రాదని జవాబిచ్చాను. కవి వాళ్లను మించినవాడు. తాపీమేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి ఎప్పుడూ కోటు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. బల్ల సమంగా ఉందో లేదో చూసుకోకుండా దాని మీద రాసేవాడు కాదు, తినేవాడూ కాదు. డెబ్భైలలో హ్యూస్టన్‌లో రెండేళ్లు ఫ్రెంచి పాఠాలు చెప్పి, క్లాసుగది నేల ఒకవైపు వాలి ఉందని గొడవపడి ఫ్రాన్సుకు వెళ్లిపోయాడు. పోతూ పోతూ డబ్బాలను తాను అద్దెకున్న ఇంటి గ్యారేజీలో వదిలేశాడు. ఇంటావిడ ముప్పై ఏళ్లు వాటిని కదిలించలేదు. ఆవిడ పోయాక కూతురు మాకు పంపింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కాగితాలు మా దగ్గరున్నా హక్కు కవిది. ఆయన దానపత్రం మీద సంతకం పెడితేనే అవి లైబ్రరీవి అవుతాయి. ఏప్రిల్లో స్వయంగా వచ్చి చూస్తాననీ, తన వీధి తన వీధిలా ఉంటే సంతకం పెడతాననీ రాశాడు. లేకపోతే ఐదు డబ్బాలూ తీసుకుపోయి ఆనకట్ట నీళ్లలో వేస్తానన్నాడు. ఉత్తుత్తి బెదిరింపు అనుకోవడానికి లేదు. ఒక ప్రచురణకర్త మీద కోపంతో మొదటి మూడు భాగాల టైపు ప్రతిని అంతకుముందే ఆ నీళ్లలో వేసి వచ్చిన మనిషి. మా క్యురేటర్ మార్గరెట్ మూడేళ్లు ఉత్తరాలు రాసి, బతిమాలి ఆయన్ను అంతవరకు తెచ్చింది. ఏప్రిల్ నాటికి డబ్బాలు చూడ్డానికి ముచ్చటగా ఉండాలని నాకు చెప్పింది.

ఎక్కువ పాడైనదాన్ని ముందు పట్టుకోవడం మా పద్ధతి. ఐదో డబ్బా గ్యారేజీ చెమ్మలో అడుగున ఉండి బాగా తుప్పెక్కింది. ఇంటావిడ కూతురు ఇచ్చిన జాబితాలో దానికి ఎదురుగా 'విడి చీటీలు, నోట్స్' అని ఉంది. తెరిచి చూస్తే గుండుసూదులతో ఒకదానికొకటి గుచ్చిన చీటీల గుత్తులు. సూదులన్నీ తుప్పు పట్టి కాగితాన్ని తింటున్నాయి.

ఆర్కైవ్స్‌లో చేరిన మొదటి వారంలోనే ఎవరికైనా రెండు సూత్రాలు నేర్పుతారు. కాగితాలు ఏ వరసలో వచ్చాయో ఆ వరస చెదరగొట్టకూడదన్నది మొదటిది. కాగితం మీద ఇనుము ఉంచకూడదన్నది రెండోది. పిన్నులు, క్లిప్పులు, సూదులు అన్నీ తీసేయాలి. విడి నోట్స్ అని తేలినప్పుడు మొదటి సూత్రాన్ని కొంచెం సడలిస్తాం, ఎందుకంటే చిత్తుకాగితాలకు వరస ఉండదు. జాబితా చూశాను, తుప్పు చూశాను, తేల్చేశాను. సూదులు తీసి, చీటీలను సైజుల వారీగా వేరుచేసి, ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టి, ఆ తర్వాత తొడుగుల మీద నంబర్లు వేయమన్నాను. తొడుగులు మూడు సైజుల్లోనే దొరుకుతాయి కనుక అలా చేస్తే పని త్వరగా తెములుతుంది. చీటీల మీద పెన్సిల్ పెట్టవద్దన్నాను. ఫోటోలు తీయమనలేదు.

నా టెక్నీషియన్ లలిత కరీంనగర్ వైపు మనిషి. నలభై దాటింది. అమెరికా రాకముందు పదేళ్లు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే స్కూలు నడిపింది. భర్త రవీందర్ లాస్ కోలినాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. గ్రీన్‌కార్డు వచ్చాక ఆమె మా లైబ్రరీలో చేరింది. ఇర్వింగ్‌లో పక్కపక్క అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లం కాబట్టి ఒకే కారులో వెళ్లివచ్చేవాళ్లం. ఆఫీసులో మేడమ్ అనేది, కారెక్కగానే అక్కా అనేది. సూదులు తీయడం మొదలుపెట్టిన రెండో రోజు ఒక గుత్తి చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"మేడమ్, ఈ సూదులు ఒక్క తీరుగ లేవు. కొన్ని మీదికెల్లి దిగినయి, కొన్ని కిందికెల్లి దిగినయి. ఎవరో కావాల్నని పెట్టినట్టే ఉంది."

"ఎటునుంచి దిగినా తుప్పు తుప్పేగా లలితా. తీసేయ్" అన్నాను.

ఆమె తీసేసింది. పది రోజుల్లో నూట నలభై ఆరు చీటీలు తొడుగుల్లోకి వెళ్లాయి. డిసెంబరులో నేను కవిగారికి సగర్వంగా ఉత్తరం రాశాను. ఐదో డబ్బాను తుప్పునుంచి కాపాడామనీ, సూదులన్నీ తీసి చీటీలను సురక్షితంగా భద్రపరిచామనీ, మా నాన్నగారు చదివితే మెచ్చుకునేంత పద్ధతిగా రాశాను.

జనవరి రెండో వారంలో జవాబు వచ్చింది. మదాం, మీ ఉత్తరం మా ఊరి రిజిస్ట్రారు రాసినట్టే ఉంది, చాలా కాలానికి అలాంటి ఫ్రెంచి చదివాను, అని మొదలుపెట్టాడు. తర్వాతి వాక్యం ఇది: సూదులు తీసేశామన్నారు, మరి మా వీధి ఏమైంది?

కింద ఒక పేజీ వివరణ ఉంది. ఐదో డబ్బాలో ఉన్నవి నోట్స్ కావు. అది ఐదో భాగమే, ఆ పొడవాటి వీధిలో ఏటి ఒడ్డున ఉన్న కొస, అంటే దిగువ వీధి, ముందుగా మునిగింది అదే. గోడ కలిసిన ఇళ్ల చీటీలను ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేలా గుచ్చాడు. పైచీటీ కిందిదాని మీద ఒకటి రెండు పంక్తులను కప్పేస్తుంది. ఆ పంక్తులు కప్పి ఉండాలనే రాసినవి, ఇరుగుపొరుగుకు తెలిసీ పైకి అనుకోని సంగతులవి. సూది పైనుంచి దిగితే ఆ రెండిళ్ల మధ్య మాటలున్నట్టు. కిందినుంచి దిగితే లేనట్టు. సూది తీస్తే ఏ ఇల్లు ఎక్కడుందో, ఎవరు ఎవరితో ఉన్నారో చెప్పేది ఇంకేమీ లేదు. ఏప్రిల్లో వస్తాననీ, వీధి లేకపోతే డబ్బాలు తీసుకుపోతాననీ చివర మళ్లీ రాశాడు.

ఆ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని పూర్తిచేశాను. సిగ్గేసింది. పని తెలియనివాళ్లు చేసిన తప్పు కాదది, నిబంధనలు తెలిసినవాళ్లు మాత్రమే చేయగల తప్పు. ఇంకెవరి చేతిలో పడినా ఆ డబ్బా తుప్పుతోనే ఉండేది, వీధి కూడా ఉండేది.

మార్గరెట్‌కు చెప్పాను. ఆమె అంత కంగారు అవసరం లేదంది. ఇది ప్రయోగాత్మక కవిత్వం, ఏ వరసలో పెట్టినా ఎవరికి తెలుస్తుంది, ఐదో భాగాన్ని చదివినవాళ్లే లేరు, ఆయన కూడా ముప్పై ఏళ్లుగా చూడలేదు, అందంగా సర్ది కొత్త సూదులు పెట్టేయండి అంది. మరీ అడిగితే తప్పు విభాగం మీద వేసుకుందామంది. తిలాపాపం తలా పిడికెడు అన్న పద్ధతి టెక్సస్‌లో కూడా బాగానే నడుస్తుంది. ఆమె చెడ్డది కాదు. మూడేళ్ల శ్రమ నీళ్లలో కలుస్తుందన్న భయం ఆమెది. కానీ నేను సొంతంగా కల్పించిన వరసను సూచికలో 'మూల క్రమం' అని రాసి కింద నా పేరు పెట్టలేను. ఆ మాటే చెప్పి ఏప్రిల్ వరకు గడువు అడిగాను. పదకొండు వారాలు. మిగతా పనులన్నీ పక్కన పెట్టడానికి ఒప్పుకుంది.

ఆ సాయంత్రం కారులో లలితకు ఉత్తరమంతా అర్థం చెప్పాను. నువ్వు ముందే చెప్పావు, నేను వినలేదు అని కూడా చెప్పాను.

"మా అత్తమ్మ ఊరు గూడ డ్యాముల పోయిందక్కా" అంది హైవే ఎక్కాక. "ఆమె ఇప్పటికీ ఇండ్లు లెక్కవెడ్తది. ఫలానోళ్ల ఇల్లు, దాని పక్కపొంటి ఫలానోళ్ల ఇల్లు అనుకుంట. సూదులు పోతె పోయినయి. బొక్కలున్నయి గద. చూద్దాం."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా ఆకులు పట్టుకోవడం కూడా ఒక పనే, దానికీ ఒక పద్ధతి ఉంటుంది. మా దగ్గర లైట్ టేబుల్ అని ఒకటి ఉండేది. పైన పాలగాజు, కింద దీపం. దాని మీద కాగితం పరిస్తే ప్రతి చిల్లూ చుక్కలా వెలుగుతుంది. గుండుసూది కాగితంలో ఒకచోట దిగి ఇంకోచోట పైకి తేలుతుంది కనుక గుచ్చిన ప్రతిచోటా రెండు చిల్లులుంటాయి. కలిపి గుచ్చిన రెండు చీటీల్లోనూ ఆ రెండు చిల్లుల మధ్య దూరం ఒకటే ఉండాలి. ఆ దూరాన్ని అర మిల్లీమీటరు వరకు కొలిచాం. సూది కాడ పైకి కనిపించిన చీటీ మీద తుప్పు గీత ఉంటుంది. కిందనున్న చీటీ మీద చుక్కలే ఉంటాయి. దాన్నిబట్టి ఏది పైది, ఏది కిందిది అన్నది తేలుతుంది.

సూది ఎటునుంచి దిగిందో మాత్రం నాకు అంతుపట్టలేదు. భూతద్దం పెట్టి చూసినా అన్నీ ఒకేలా కనిపించాయి. లలిత భూతద్దం పక్కన పెట్టి వేలి కొసతో తడిమింది. సూది దిగిన వైపు నున్నగా ఉంటుందనీ, తేలిన వైపు గరుకుగా ఉంటుందనీ, గుడ్డకైనా కాగితానికైనా అదే లెక్కనీ చెప్పింది. నేను కొలిచేదాన్ని, ఆమె తడిమేది, ఇద్దరం విడివిడిగా రాసుకుని తర్వాత పోల్చుకునేవాళ్లం. రెండు కాగితాల్లోనూ ఒకే మాట ఉంటేనే చీటీలను పక్కపక్కన పెట్టేవాళ్లం. లేకపోతే మళ్లీ మొదలు.

రవీందర్ ఉత్సాహపడి మా కొలతలన్నీ తీసుకుని ఒక ప్రోగ్రామ్ రాశాడు. అది ఒక్కో చీటీకి ఇరవై, ముప్పై ఇరుగుపొరుగులను చూపించింది. మీ డేటా క్లీన్‌గా లేదక్కా అన్నాడు. ముప్పై ఏళ్లు గ్యారేజీలో ఉంటే నువ్వూ క్లీన్‌గా ఉండవు నాయనా అన్నాను. అయితే కచ్చితంగా కలవని జంటలను అది తీసేసింది. మాకు రెండు వారాల పని తగ్గింది, ఆ మాట కూడా చెప్పాలి.

ఫిబ్రవరి ఆఖరుకు వందకు పైగా ఇళ్లు నిలబడ్డాయి. వీధి ఒక తీరుకు వస్తున్నకొద్దీ కవిత్వం కూడా అర్థం కావడం మొదలైంది. చీటీ ఒక్కటే చదివితే, రొట్టెలు కాల్చే ముసలాయన తలుపు తీయడు, అంతే. పక్క చీటీ దాని అంచు మీద పడ్డాక, కిందినుంచి సూది దిగిందని తెలిశాక, ఆయన ఎవరికి తలుపు తీయడో తెలుస్తుంది. నేను దస్తావేజుల మనిషిని, కవిత్వం మీద నాకు పెద్ద గౌరవం ఉండేది కాదు. ఆ నెలలో వచ్చింది.

మార్చి చివరికి నూట ముప్పై ఏడు కుదిరాయి. తొమ్మిది మిగిలాయి. వీధిలో ఖాళీలు కనిపిస్తున్నాయి, చేతిలో చీటీలు ఉన్నాయి, ఏది ఎక్కడిదో చెప్పే చిల్లులు లేవు. ఎందుకు లేవో లలిత రోజువారీ పని పుస్తకంలో దొరికింది. ఆ తొమ్మిదింటికీ తుప్పు రెండువైపుల అంచులనూ పూర్తిగా తినేసి ఉంది. సూది లాగినప్పుడు అంచు దానితోపాటే పొడిగా రాలింది. రాలిన పొడిని మెత్తని బ్రష్షుతో తుడిచేయాలన్నది మా నియమం. తుడిచేశాం. సూదులు వాటి చోట ఉన్నంతకాలం ఆ అంచులు కూడా ఉన్నాయి.

తొమ్మిది ఖాళీల్లో తొమ్మిది చీటీలు ఉజ్జాయింపుగా పెట్టేసి ఉంటే చూడ్డానికి వీధి నిండుగా ఉండేది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. ఒక మధ్యాహ్నం పెట్టి కూడా చూశాను. బాగానే అమరాయి. అంత బాగా అమరడం చూసే భయమేసి తీసేశాను.

ఏప్రిల్ రెండో వారంలో ఆయన వచ్చాడు. టెక్సస్ ఎండలో మందపాటి ఉన్ని కోటు తొడుక్కుని, చిన్నపాటి మనిషి. ఇంగ్లిషు చదివేవాడు కానీ నోట ఫ్రెంచి తప్ప పలికేవాడు కాదు. రీడింగ్ రూములో నాలుగు బల్లలు కలిపి దిగువ వీధిని పరిచి ఉంచాం. ఆయన చీటీలకేసి చూడకుండా ముందు రసమట్టం తీసి బల్ల మీద పెట్టాడు. తూర్పుకు వాలి ఉందన్నాడు. ఫోల్డర్లు మడిచి బల్ల కాళ్ల కింద పెడుతూ, బుడగ నడిమధ్యకు వచ్చేదాకా పావుగంట నేల మీద కూర్చున్నాం, నేనూ లలితా. మార్గరెట్ గోడ పక్కన నిలబడి చేతులు నులుముకుంటోంది.

ఆయన చదవడం మొదలుపెట్టకముందే నేను చెప్పేశాను. సూదులు తీయడంతో వరస పోయిందనీ, చిల్లుల ఆధారంగా నూట ముప్పై ఏడు చీటీలను నిలబెట్టామనీ, తొమ్మిదింటి స్థానం తెలియదనీ. ఎవరు తీశారని అడిగాడు. ఆ మాట నేను తర్జుమా చేయగానే మార్గరెట్ విభాగం తరఫున ఏదో మొదలుపెట్టబోయింది. తీయమన్నది నేనని చెప్పాను. నా టెక్నీషియన్ అప్పుడే అనుమానపడింది, నేను వినలేదు అని కూడా చెప్పాను. ఆయన లలితవైపు తిరిగి, ఎలా తెలిసిందని అడగమన్నాడు.

"సూది పట్టినోళ్లకు తెలుస్తది" అంది లలిత. ఉన్నదున్నట్టు ఫ్రెంచిలోకి మార్చి చెప్పాను. ఆయన తలవంచి నమస్కారం లాంటిదేదో చేశాడు.

తర్వాత బల్ల వెంబడి నడుస్తూ పైకి చదవసాగాడు. ఒక్కో ఇంటి ముందు ఆగి, చదివి, పక్కింటికి వెళ్లాడు. ఇరవైయో, ఇరవై ఒకటో ఇంటి దగ్గర రెండు చీటీలు అటూఇటూ మార్చి, మంగలి ఏటివైపు ఉండేవాడు, మీరు కొండవైపు పెట్టారన్నాడు. ఇంకోచోట సూది కిందినుంచి కాదు, పెళ్లయ్యాక వాళ్లు మళ్లీ మాట్లాడుకున్నారన్నాడు. మొత్తం మీద మేం తప్పింది ఆ రెండుచోట్లే. తుప్పు పట్టని స్టీలు సూదులు లలిత తెచ్చి ఉంచింది. ఆయన అక్కడికక్కడే గుచ్చడం మొదలుపెట్టాడు. రీడింగ్ రూములో రాతప్రతికి సూది గుచ్చేవాళ్లను ఆపడం నా ఉద్యోగం. ఆపలేదు. ఒక్కో సూదీ నేనే అందించాను.

చివర ట్రేలో ఉన్న తొమ్మిది చీటీలు ఆయన ముందు పెట్టాను. ఇవెంత పని అన్నట్టు మొదటిది తీసుకున్నాడు. బావి గిలక కిర్రుమనే ఇల్లది. ఒక ఖాళీ దగ్గరికి వెళ్లాడు, నిలబడ్డాడు, తల అడ్డంగా ఊపి ఇంకో ఖాళీ దగ్గరికి వెళ్లాడు. మళ్లీ మొదటి చోటికి వచ్చాడు. రెండో చీటీ తీసుకున్నాడు. గంటసేపు అలా తిరిగాడు. చివరికి తొమ్మిదీ తెచ్చి ట్రేలోనే పెట్టి, మేం వేసిన కుర్చీలో కూర్చున్నాడు. అంతవరకు ఆయనకు తెలిసే ఉంటుందన్న ధైర్యం నాకు లోపల ఉండేది. అది పోయింది. ఆ రోజు కలిగిన బాధ ఆ ఉద్యోగంలో ఇంకెప్పుడూ కలగలేదు.

"గుర్తుపెట్టుకోవలసిన పని లేకుండా ఉండాలనే కదా రాసి గుచ్చింది" అన్నాడు, నాతో కాదు, చీటీలతో.

మార్గరెట్ నెమ్మదిగా, దగ్గర్లో ఉన్న ఖాళీల్లో పెట్టేస్తే ఎలా ఉంటుందని అడిగింది. నేను తర్జుమా చేశాను. వద్దన్నాడు. లేని చోట ఇల్లు పెడితే అక్కడ నిజంగా ఉన్నవాళ్ల చోటు పోతుందన్నాడు. దానపత్రం తెమ్మని, బల్ల మీద మళ్లీ ఒకసారి రసమట్టం పెట్టి చూసుకుని సంతకం చేశాడు. ఒక షరతు పెట్టాడు. తొమ్మిది చీటీలు విడి కవరులో ఉండాలి, వాటికి ఏం జరిగిందో నేను నా చేత్తో రాసి అందులో పెట్టాలి, ఎవరూ దాన్ని తీయకూడదు. అక్కడే కూర్చుని, మా నాన్నగారు నేర్పిన ఫ్రెంచిలో, కింద సంతకం చేసినవారు అని మొదలుపెట్టి రాశాను. సూదుల తేడాను మొదట గమనించినది లలిత అని ఆమె పూర్తి పేరుతో రాశాను. ఆయన చదివి, రిజిస్ట్రారు కంటే బాగుందన్నాడు.

ఆ తర్వాత రెండేళ్లకు ఆయన పోయాడు. ఇంకో రెండేళ్లకు ఐదో భాగం పుస్తకంగా వచ్చింది. ఆ తొమ్మిదింటినీ విడి కాగితాలుగా అట్ట లోపలి జేబులో పెట్టారు. అప్పటినుంచి భక్తుల ఉత్తరాలు మొదలు. బావి గిలక ఇల్లు వంతెన పక్కదేనని ఒకరు, కాదు చర్చి వెనకదని ఇంకొకరు, పేజీలకొద్దీ రుజువులతో రాసేవారు. 2014లో రిటైరయ్యేదాకా అందరికీ ఒకే జవాబు ఇచ్చాను: స్థానం తెలియదు.

మా విభాగంలో పద్ధతి మారింది. ఏ సూదినైనా కదిలించేముందు రెండువైపులా ఫోటో తీయాలి. పని కాగితంలో 'టెక్నీషియన్ గమనించినది' అని ఒక గడి పెట్టించాను. అది నింపకుండా ఆర్కైవిస్టు సంతకం చెల్లదు. ఈ మార్పులు నేనే రాశాను, అవి మంచి మార్పులు. తుప్పు పట్టిన సూది తీయాలన్న సూత్రం తప్పని నేనిప్పటికీ అనను. చేతిలో ఉన్న వస్తువు ఏమిటో నాకు తెలుసుననుకుని, తెలిసినవాళ్లు చెబితే వినకపోవడం తప్పు. నా పని మీద నాకున్న నమ్మకం ఆ ఒక్కచోట నా కళ్లకు అడ్డం వచ్చింది. ఊరిని ముంచింది ఆనకట్ట. ఆ తొమ్మిది ఇళ్లకు వీధిలో చోటు లేకుండా చేసింది మాత్రం నేను.